మీసం తుడుచుకోని గుటకయ్య

అనగనగా ఒక ఊరు తల్లీ. ఎక్కడో కాదు, నీ మోచేతి మీదే. పేరు మోచేతిపాలెం. ఆ ఊరికి ఏడుగురు అన్నదమ్ములు కాపలా. కత్తీ లేదు, కర్రా లేదు. దొంగ కనిపిస్తే పట్టుకుని గుటుక్కున మింగెయ్యడమే వాళ్ళ ఉద్యోగం.

అందరికంటే చిన్నవాడు గుటకయ్య. తిండిపోతే గానీ మహా శుచి. దొంగని మింగడం ఆలస్యం, భుజం మీది తువ్వాలు తీసి మీసం తుడుచుకునేవాడు. "ఎంగిలి మూతితో నలుగురిలో తిరిగితే వంశానికే అప్రతిష్ఠ" అని పెద్దన్న నేర్పాడు మరి.

ఒకరోజు నువ్వు సైకిల్ మీంచి పడ్డావు, గుర్తుందా? మోచెయ్యి గీరుకుపోయింది. అప్పుడు ఆ ఊరి గోడ కూలింది. కంతలోంచి దొంగలు బిలబిలమంటూ వచ్చిపడ్డారు. నెత్తిన బుల్లి కొమ్ము, ఒళ్ళంతా ఆముదం. పట్టుకుంటే జర్రున జారిపోతారు.

అన్నదమ్ములు పదిమంది దొంగల మీద పడితే ఒక్కడు దొరికేవాడు. ఆలోపు మిగతావాళ్ళు ఇరవైమంది అయ్యేవాళ్ళు. ఆ గలాటాకే నీ మోచెయ్యి ఎర్రగా వాచి, ఒళ్ళు కాలిపోయింది. మూడో రోజుకి అన్నల పొట్టలు ఉబ్బిపోయాయి.

"ఒరేయ్ తమ్ముడూ, ఇక మావల్ల కాదు. చంకపేట వెళ్ళి పనివాళ్ళని సాయం అడుగు. ఆలస్యమైతే ఊరూ ఉండదు, మేమూ ఉండం" అన్నాడు పెద్దన్న. గుటకయ్య తన చేతిలో ఉన్న దొంగని గబుక్కున మింగి, మూతి కూడా తుడుచుకోకుండా చంకపేట వైపు పారే కాలవలో దూకాడు.

చంకపేట నీ చంకలోనే ఉంది. చక్కిలిగిలి పెట్టనులే, పడుకో. అక్కడ వేలమంది పనివాళ్ళు. అందరూ చేసేది పంగలకర్రలే, అంటే కొస రెండుగా చీలిన కర్రలు. కానీ ఒకడికి వచ్చిన కొలత ఇంకొకడికి రాదు. ఒక్కో పంగ ఒక్క రకం దొంగకే పడుతుంది. వాళ్ళలో పుల్లయ్య అని ఒకడున్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడి కొలత ఎవరూ అడిగిన పాపాన పోలేదు. "నీ పంగలో దోమకాలు కూడా దూరదురా" అని అందరూ ఏడిపించేవాళ్ళు.

ఊరి పెత్తనమంతా సూరమ్మది. ఆవిడ సరే అంటే తప్ప ఎవరూ పని మొదలెట్టరు.

గుటకయ్య రొప్పుతూ వెళ్ళి, "సూరమ్మత్తా, ఆముదం దొంగలు పడ్డారు! కొమ్ములున్నాయి!" అన్నాడు.

"ఎలాంటి కొమ్మురా? కొమ్ముల్లో లక్ష రకాలు. కిందటేడు ఎవడో చెప్పాడని రొయ్యల కూర మీద పడ్డాం. పిల్లకి ఒళ్ళంతా దద్దుర్లు. నోటిమాట నేను నమ్మను."

అప్పుడు గుటకయ్య నెత్తిన వేలు పెట్టుకుని కొమ్ములా ఆడించి చూపించాడు. పనివాళ్ళు పగలబడి నవ్వారు. ఆ తర్వాత నేలమీద బొమ్మ గీశాడు. అది అచ్చం వంకాయలా వచ్చింది.

"ఒక్కణ్ణయినా పట్టుకురాలేకపోయావా?" అంది సూరమ్మ.

"తినేశాను అత్తా" అన్నాడు. ఆ మాట అంటుంటేనే అన్నలు గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. కళ్ళూ ముక్కూ మూతీ కలిపి తుడుచుకుందామని తువ్వాలు ఎత్తాడు.

"ఆగు! తుడిచావంటే చంపేస్తాను!" అని సూరమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. మీసంలో ఏదో ఇరుక్కుని ఉంది. చూస్తే కొమ్ము ముక్క!

గుటకయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. సూరమ్మ మాత్రం వాడి మీసం పట్టుకుని ఊరంతా తిప్పింది. ఒక్కొక్కడూ పంగ పెట్టి చూడటం, "నాది కాదు" అనడం. ముక్కులో పొడిచినవాళ్ళున్నారు, తుమ్మించినవాళ్ళున్నారు. చివరికి పుల్లయ్య భయపడుతూ తన పంగ పెట్టాడు. టక్కున కూర్చుంది.

"నాదే అత్తా! నాదే!" అని పుల్లయ్య గంతులేశాడు. సంతోషం పట్టలేక ఒక్క పుల్లయ్య ఇద్దరయ్యాడు. ఇద్దరు నలుగురయ్యారు. ఎలాగని అడక్కు, నాకూ తెలీదు. రెండు రోజుల్లో చంకపేటలో కాలు పెట్టే చోటు లేదు. నీకు చంకలో బిళ్ళ కట్టిందని మీ అమ్మ కంగారు పడింది చూడు, అదంతా పుల్లయ్యలే.

ఆ తర్వాత పంగలకర్రలు వేరే సన్న కాలవల నిండా కొట్టుకుపోయి మోచేతిపాలెం చేరాయి. దొంగల కొమ్ములకి టకటకా తగులుకున్నాయి. ఇంక జారేదెక్కడ? ఆరుగురన్నలూ కర్ర పట్టుకుని, పుల్లఐసు తిన్నట్టు తినేశారు. నీ వాపు తగ్గింది, జ్వరం దిగింది.

గుటకయ్య మాత్రం తిరిగి వెళ్ళలేకపోయాడు. వాడొచ్చిన కాలవ ఒకవైపే పారుతుంది, పంగలకర్రలు పోయిన సన్న కాలవల్లో వాడు పట్టడు. "మా అన్నలున్నారా అత్తా?" అని అడిగాడు. "ఆరుగురూ ఉన్నారురా" అంది సూరమ్మ. అప్పటికి గానీ వాడి మనసు కుదుటపడలేదు.

పనయ్యాక పుల్లయ్యలు చాలామంది వెళ్ళిపోయారు. కొద్దిమంది మాత్రం ఆ కొలత మర్చిపోకుండా ఉండిపోయారు. మొన్న నీ మోకాలు గీరుకుంది కదా, ఆ దొంగలే మళ్ళీ వచ్చారు. ఈసారి ఎవరూ ఏడవలేదు, బొమ్మలు గీయలేదు. పంగలకర్రలు గబగబా వెళ్ళాయి, దొంగలు ఖాళీ. అప్పుడు నువ్వేం చేస్తున్నావో తెలుసా? అరుగు మీద కూర్చుని ఉప్పూకారం అద్దుకుని జామకాయ తింటున్నావు. నీకేం తెలియలేదు. నీకు తెలియకుండా ఉండాలనే తల్లీ, వాళ్ళ పాట్లన్నీ.

దొంగలేమో పొట్టలోకి,
కథేమో కంచిలోకి,
మనమేమో దుప్పట్లోకి!