ఉసిరికాయలో పడుచుదనం

చిత్తవరం రాజుగారి మీసంలో ఓ తెల్లవెంట్రుక కనిపించింది. ఉసిరిలోని సారం ఒంటిని వాడిపోనివ్వదన్నాడు ఆస్థాన వైద్యుడు. ఇంకేముంది! బుట్టలల్లే పోలమ్మ పెరట్లోని ఉసిరిచెట్టును వేళ్ళతో సహా పెకలించి కోటకు తెద్దామని రాజు పలుగులు పట్టిన భటులతో స్వయంగా బయలుదేరాడు.

పోలమ్మ మొగుడు ఎర్రన్న చిగుళ్ళు ఆ కాయల చలవతోనే నిలబడ్డాయి. చెట్టు పోతే ముద్ద నమలలేడు.

అయినా పోలమ్మ ముడతలన్నీ కదిలేలా నవ్వింది. "తవ్వుకోండి మారాజా! కాపురానికొచ్చిన నాటినుంచీ ఈ కాయలే తింటున్నాను. నన్ను చూస్తే తెలియడం లేదూ?"

రాజు ఉలిక్కిపడ్డాడు. "ఇదా అవ్వా, పడుచుదనం?"

"నా మొహం నాకేం తెలుసు? సగం కాయ తినేది మా ఆయన. ఆయన్నే అడగండి."

"కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది మారాజా," అన్నాడు ఎర్రన్న సిగ్గుపడుతూ.

"విన్నారా? పంచుకు తిన్నవాళ్ళకే గుణం. చెట్టంతా ఒక్కరే పట్టుకుపోతే మిగిలేది పులుపే."

రాజు భటులను పలుగులు దించమని చెప్పి, ఒక్క కాయ అడిగి పుచ్చుకున్నాడు.

ఇంటికెళ్ళి సగం ఇస్తే, రాణిగారు కొరికి మొహం చిట్లించింది. రాజు మురిసిపోయాడు. పెళ్ళిపీటల మీద తెర దించగానే, తనను చూసి ఆవిడ పెట్టింది అచ్చం ఆ మొహమే!