గుర్రాలు లేని రథదానం

మా నల్లరాళ్లకోట రాజు బసవభూపతికి ఒకరోజు దానం చెయ్యాలని బుద్ధి పుట్టింది. పాత రథం మీద మోజు తీరాక పుట్టిందనుకోండి, అయినా పుట్టింది. ఉన్నవాళ్లకు పుణ్యం చాలావరకు ఇంట్లో చోటు చాలనప్పుడే గుర్తొస్తుంది.

ఆ రథం ఆషామాషీది కాదు. ఎత్తైన చక్రాలు, పట్టు పరుపులు, దంతపు పిడులు. అడవిలో వేటకు పోతే గుంతల మీద తేలిపోయేది. రాజవీధిలో ఊరేగితే పెళ్లికొడుకులా మెరిసేది. కొత్త రథం రాగానే శాలలో దీనికి చోటు లేకపోయింది.

నిండు కొలువులో రాజు ప్రకటించాడు.

"మా రథాన్ని కొండకింది ధర్మవైద్యశాలకు దానమిస్తున్నాం. ఇందులో లోపం చూపినవాడు ఏదడిగితే అది ఇస్తాం. చూపబోయి చూపలేకపోతే సగం మీసం గొరిగిస్తాం!"

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా ముఖంలో చెప్పుకోదగ్గది మీసం ఒక్కటే. తల ఎప్పుడో బట్టబయలైంది. పళ్లు ఒకదాన్ని చూసి ఒకటి సెలవు తీసుకుంటున్నాయి. రాళ్లు కొట్టుకు బతికేవాణ్ణి, నా నోటి దురుసుకు నవ్వొచ్చి రాజు కొలువులో పెట్టుకున్నాడు. తక్కినవాళ్లకు పదవులున్నాయి, నాకు నోరుంది.

రథశాల అధికారి కొమ్మన లేచాడు. ఆయన లేస్తే ముందు అత్తరు లేస్తుంది, తరువాత ఆయన.

"ప్రభూ! దేవతలు కూడా తమ వాహనాలు తమ దగ్గరే పెట్టుకున్నారు. మీరు దానమే చేసేస్తున్నారు! రథం వెనక ఇత్తడి రేకు మీద మీ పేరు చెక్కించాను. కింద చిన్నగా నాది కూడా."

ఆ చిన్నగా అన్నది రాజు పేరు కంటే కాస్త పెద్దగానే ఉంది.

వైద్యశాల నడిపే పేరిందేవి ముందుకొచ్చింది. ముసలామె, చేతులకు ఇంకా మందాకుల పసరు అంటుకునే ఉంది.

"సంతోషం మహాప్రభో. గుర్రాలేవి?"

కొమ్మన నవ్వాడు. "రథం ఇస్తామన్నాంగాని గుర్రాలిస్తామన్నామా అమ్మా? ఎద్దులను కట్టుకోండి."

"ఈ బండి ఎత్తుకు ఎద్దు మెడ అందదయ్యా. పోయిన వానల్లో నొప్పులు పడుతున్న పిల్లను మంచం మీద మోసుకొస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. మళ్లీ వానలొస్తున్నాయి. నడిస్తే ఇది బండి. నడవకపోతే నాకు కోళ్లగూడు."

రాజు ముఖం చిట్లించాడు. "దానమిచ్చిన గుర్రానికి పళ్లు లెక్కపెట్టినట్టుంది నీ వరస!"

"లెక్కపెట్టడానికి గుర్రమేది ప్రభూ?"

ఆ రథానికి కట్టే జోడు గుర్రాల మీద కొమ్మన రోజూ పొద్దున్నే షికారు పోతాడని రాజుకు తప్ప అందరికీ తెలుసు. మీసాలున్న ప్రతివాడూ మీసం తడుముకున్నాడు.

"పురోహితులవారూ, ధార పోయించండి" అన్నాడు రాజు.

నా కడుపు మండింది. కడుపు మండితే నాకు ముందూ వెనకా కనపడదు. లేచాను.

"లోపముంది ప్రభూ!"

"గురవా, మీసం జాగ్రత్త!"

"పోతే పోయింది ప్రభూ, పైన జుట్టు పోతేనే ఏడవలేదు. పురోహితులవారూ, చెప్పులు దానమిస్తే ఏం ఫలం?"

"పోయాక యమలోకపు దారిలో కాళ్లు కాలవు" అన్నాడాయన.

"గొడుగు దానమిస్తే?"

"ఆ దారిలో ఎండ తగలదు."

"ఆవునిస్తే?"

"తోక పట్టుకుని వైతరణి దాటొచ్చు. ఇక్కడ ఇచ్చిందే అక్కడ ఎదురొస్తుందయ్యా. ఆమాత్రం తెలీదా?"

"అయితే ప్రభువులకు అక్కడ ఈ రథమే ఎదురొస్తుంది. ఇచ్చింది ఇచ్చినట్టు."

రాజు సంతోషంగా తలూపాడు. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగాడు. "గుర్రాలు లేకుండానా? మరి లాగేదెవరు?"

"మీరే లాక్కోవాలి ప్రభూ! వదిలేసి పోదామన్నా కుదరదు, వెనక పేరు చెక్కి ఉంది!"

ఎవరో కిసుక్కుమన్నారు. కొమ్మన ఉడికిపోయాడు.

"ఏం కూతలివి! నేనుండగా ప్రభువులు లాగడమా? ఈ కొమ్మన తన మెడకు కాడి కట్టుకుని లాగడూ?"

ఈ మాట కోసమే కాచుకున్నానని చెబితే నా తెలివికి బాగుంటుంది. కానీ కాచుకోలేదు. పిట్ట తనంతట తానే వచ్చి వలలో పడింది.

"ఇవ్వనిది అక్కడికి రాదు కదా ప్రభూ. రథంతోపాటు కొమ్మనగారినీ ధారపోసెయ్యండి!"

పేరిందేవి కొమ్మన చుట్టూ ఒకసారి తిరిగి, సంతలో ఎద్దును చూసినట్టు చూసింది. "మెడ గట్టిదే. మేత ఎంత తింటాడో మరి!"

పురోహితుడు నిజంగానే చెంబు ఎత్తాడు. చెంబు వంగేలోపే కొమ్మన కేక పెట్టాడు.

"గుర్రాలు! ప్రభూ, గుర్రాలివ్వండి! ఆ జోడు గుర్రాలు, వాటి దాణా, మేపేవాడు, అన్నీ ఇచ్చెయ్యండి!"

"మరి తమరి పొద్దుటి షికారో?" అన్నాను.

"నడుస్తానయ్యా బాబూ, నడుస్తాను!"

ఆ మాటతో సంగతంతా రాజుకు తెలిసిపోయింది. పగలబడి నవ్వాడు. గుర్రాలను కట్టించి, వాటితో సహా ధారపోశాడు. పేరిందేవి రథమెక్కి కొండదారి పట్టింది.

"గెలిచావు గురవా, ఏం కావాలో అడుగు!" అన్నాడు రాజు.

మాన్యం అడుగుదామని నోరు తెరిచాను. ఖర్మ కాలి కాళ్ల వైపు చూశాను. చెప్పు తెగి ఉంది. రాళ్లు కొట్టినవాడి ఆశ చెప్పుల దగ్గరే ఆగిపోయింది.

"చెప్పుల జత, ప్రభూ!"

కొలువంతా ఘొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుంటూ రెండు జతలు తెప్పించాడు. "ఒకటి తొడుక్కో. రెండోది దానం చెయ్యి. లేకపోతే ఆ దారిలో నువ్వు వట్టి కాళ్లతో గెంతాలి!"

నేను ఒక జత తొడుక్కున్నాను. రెండో జత రెండు చేతులా పట్టుకుని కొమ్మన ముందుకు వెళ్లాను.

"పుచ్చుకోండి బాబూ. రేపటినుంచి నడవాలిగా!"