రుచి చూడని వంటవాడు

బ్రదర్ బాలశౌరికి తన నాలుక మీద కోపం. ఆ కోపంతోనే మఠంలో చేరాడని అనేవాళ్ళు కూడా ఉన్నారు.

పల్నాటిలో అతని ఊళ్ళో పెళ్ళి జరిగితే, వడ్డనకు ముందు అతన్ని పిలిచి గరిటె చేతికిచ్చేవాళ్ళు. ఒక చుక్క చారు నాలుకకు తగిలించుకుని, "ఇంగువ రెండోసారి వేశారు, అక్కర్లేదు" అని చెప్పేవాడు. వంటవాళ్ళకు అతనంటే హడలు. తిండంటే అంత ప్రాణం అతనికి. తండ్రిని మట్టి చేసి వచ్చిన రోజున పొరుగువాళ్ళు పులుసు తెచ్చి పెడితే, మొదటి ముద్దకే ఉప్పు ఎక్కువైందని తోచిందట. పైకి అనలేదు. కానీ ఆ పూట కూడా ఉప్పు గురించి ఆలోచించిన తన నాలుకను అతను క్షమించలేకపోయాడు.

మఠంలో మాటపట్టు తీసుకుని సన్యాసి అయిన రోజున అందరితోపాటు పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అన్నాడు. అంతటితో ఆగకుండా తన సొంతంగా ఇంకొకటి చేర్చాడు. ఇకమీద రుచి కోసం దేన్నీ నాలుక మీద పెట్టను, అని.

అప్పటినుంచి కంచంలో అన్నం పడగానే చెంబెడు నీళ్ళు పోసుకునేవాడు. పప్పు వేసినా కూర వేసినా ఆ నీళ్ళలోనే కలిపేసి, మందు మింగినట్టు మింగేవాడు. కొండెక్కి వచ్చిన భక్తులు భోజనాల గది కిటికీలోంచి చూసి చేతులు జోడించేవాళ్ళు. అతను తల వంచుకునేవాడు. ఆ వంచుకోవడం కూడా కిటికీ వైపుకే వంచుకునేవాడని నా అనుమానం.

మఠానికి పెద్ద ఫాదర్ ఇన్నయ్య. కొత్తగా చేరినవాళ్ళకు గురువు కూడా ఆయనే. బాగా ముసలివాడు, సన్నటి మనిషి. బాలశౌరి నీళ్ళన్నాన్ని ఆయన మెచ్చుకోనూ లేదు, వద్దననూ లేదు. మెచ్చుకోకపోవడం బాలశౌరికి లోపల గుచ్చుకుంటూనే ఉండేది.

ఆ మఠం మదనపల్లె అవతల ఒక రాతి గుట్ట మీద ఉంది. ఆ ఏడు తోటలో టమాటా విరగకాసింది. నాటు టమాటా, పుల్లటి రకం. బుట్టలు వరండా నిండి, మెట్ల మీదికి పాకి, ప్రార్థన గది గుమ్మం దాకా వచ్చాయి. పొద్దున టమాటా పచ్చడి, మధ్యాహ్నం టమాటా పప్పు, రాత్రికి టమాటా చారు. బ్రదర్లకు ఎరుపు రంగు చూస్తేనే విసుగొచ్చేసింది.

మఠం కట్టించిన ఇటలీ ఫాదర్ పోయి చాలా కాలమైంది గానీ, ఆయన నేర్పిన పని మాత్రం పోలేదు. మిగిలిపోయే పళ్ళన్నిటినీ పెద్ద గంగాళంలో గుజ్జుగా కాచడం. ఆ గుజ్జును ఉడికించిన మాకరోనీలో కలిపి, క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగనాడు కింది రాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళకు కడుపునిండా పెట్టడం. మఠం గోడల్లో ఉన్న ప్రతి రాయీ వాళ్ళ తాతలు కొట్టి మోసిందే. మాకరోనీని వాళ్ళు గొట్టాల సేమ్యా అంటారు. ఏడాది పొడుగునా సంగటీ మిరపకారమూ తినేవాళ్ళకు ఆ ఒక్క పూటే వేరే రుచి. అందుకోసం ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని, మగవాళ్ళు దుమ్ము కడుక్కుని కొండెక్కి వచ్చేవాళ్ళు.

ఎప్పుడూ గుజ్జు కాచే ముసలి బ్రదర్ కాలు విరిగి మంచాన పడ్డాడు. ఫాదర్ ఇన్నయ్య బాలశౌరిని పిలిచి గరిటె అందించాడు.

"నేనా ఫాదర్?"

"నువ్వే. మన అందరిలో నాలుక ఉన్నవాడివి నువ్వొక్కడివే."

"ఆ నాలుకను దేవుడికి ఇచ్చేశాను. వండమంటే వండుతాను. రుచి మాత్రం చూడను."

"సరే," అన్నాడు ఫాదర్. బాలశౌరికి గెలిచినట్టనిపించింది.

అతను కొలతలు పెట్టుకుని వండాడు. ఇన్ని పళ్ళకు ఇంత ఉప్పు, ఇంత వెల్లుల్లి, ఇంత నూనె. కొలతల్లో పొరపాటు లేదు. పొరపాటల్లా పళ్ళలోనే. నాటు టమాటా ఒక చెట్టుది ఒకలా ఉంటే, పక్క చెట్టుది ఇంకోలా ఉంటుంది. నిన్న కోసిందాని పులుపు ఇవాళ కోసినదానికి ఉండదు. కొలతకు ఆ సంగతి తెలియదు, నాలుకకు తెలుస్తుంది.

మొదటి గంగాళం గుజ్జు బ్రదర్లకే పెట్టాడు. అది తపస్సు కాలం, పాస్కాకు ముందు నలభై రోజుల ఉపవాసాలు. పైగా భోజనాల దగ్గర మాట్లాడకూడదని మఠం నియమం. గుజ్జు నోట్లో పడగానే ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకాయన బల్ల అంచు పట్టుకున్నాడు. తపస్సు కాలం కదా, ఈ బాధ కూడా దేవుడికే అని అందరూ తిని లేచారు. ఒక్క మెతుకు మిగల్లేదు. ఖాళీ కంచాలు చూసి బాలశౌరి తన వంట కుదిరిందనుకున్నాడు. మంచి మనుషుల మధ్య బతికితే వచ్చే చిక్కు ఇదే. ఎవరూ నిజం చెప్పరు.

క్వారీవాళ్ళకు అలాంటి నియమాలేం లేవు. పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఊరేగింపుకొచ్చిన వాళ్ళకు బాలశౌరి అదే కొలతతో కాచిన గుజ్జుతో మాకరోనీ వడ్డించాడు. వాళ్ళు రెండు ముద్దలు తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కంచాలు మెల్లగా పక్కకు జరిపారు.

సుబ్బక్క అనే క్వారీ మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫాదర్ దగ్గరికొచ్చింది.

"తప్పుగా అనుకోవద్దు సామీ. పులుపు నాలికని కొరకతా ఉండాది. పండగనాటికి మాకు పెట్టొద్దులే. మేం ఇంటికాడే సంగటి గెలుక్కుంటాం."

"రండమ్మా," అన్నాడు ఫాదర్. "వచ్చి తినండి. బాగలేకపోతే నా మొహం మీదే చెప్పండి."

ఆమె తలూపింది గానీ, వస్తామని అనలేదు. ఫాదర్ ఆ నిండు కంచాల వైపు చూశాడు. వాళ్ళు పండక్కి రాకపోతే ఆ గోడల మధ్య తాను చెప్పే పూజకు అర్థమేమిటా అని ఆయనకు దిగులు పట్టుకుంది.

"విన్నావా?" అన్నాడు బాలశౌరితో.

"విన్నాను. ఈసారి కొలత మారుస్తాను."

"మళ్ళీ కొలతేనా?"

బాలశౌరికి రోషం వచ్చింది. "ఇంకేం చేయమంటారు ఫాదర్? వాళ్ళ కడుపు కోసం నేను దేవుడికిచ్చిన మాట తప్పమంటారా? అయితే ఆజ్ఞాపించండి. విధేయత ఉంది కాబట్టి చేస్తాను. ఆ పాపం మాత్రం మీది."

వరండాలో ఉన్న బ్రదర్లు బిగుసుకుపోయారు. పెద్ద ఫాదర్‌తో అలా మాట్లాడినవాణ్ణి వాళ్ళెప్పుడూ చూడలేదు.

"నేను ఆజ్ఞాపించను," అన్నాడు ఫాదర్, మామూలుగానే. కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పండుగ ముందు రోజు శనివారం. బాలశౌరి పొద్దున్నే పొయ్యి రాజేశాడు. పళ్ళను వేడినీళ్ళలో ముంచి తొక్క ఒలిచాడు. చేత్తో పిసికి, జల్లెడలో రుద్ది గింజలు తీశాడు. వేరుశనగ నూనెలో వెల్లుల్లి వేయించి, గుజ్జంతా గంగాళంలోకి వంచాడు. మధ్యాహ్నానికి అది కుతకుతలాడుతోంది. మంచి ఎరుపు వచ్చింది. ఇటలీ ఫాదర్ నాటి అలవాటు ప్రకారం సబ్జా ఆకు తుంచి పైన వేశాడు.

అప్పుడు ఫాదర్ ఇన్నయ్య గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

ఆయన సంగతి మఠంలో అందరికీ తెలుసు. పండుగ ముందరి పెద్ద గురువారం రాత్రి భోజనం తర్వాత, పాస్కా తెల్లవారే దాకా ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. యువకుడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఉపవాసం. జ్వరాలొచ్చిన ఏళ్ళలో కూడా తప్పలేదు. ఈ వయసులో వద్దని డాక్టరు చెప్పినా వినలేదు. ఆ మధ్యాహ్నం ఆయన పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. పొయ్యి పక్కన పీట మీద కూలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"రంగు బాగా వచ్చింది ఫాదర్."

"రంగు తినడానికి ఎవరొస్తారు?"

ఆయన గరిటె అందుకుని గంగాళంలో ముంచాడు. బాలశౌరికి మొదట అర్థం కాలేదు. గరిటె నోటి దాకా వెళ్ళాక గానీ ప్రాణం ఝల్లుమనలేదు.

"ఫాదర్, మీ ఉపవాసం..."

ఫాదర్ ఊదుకుని, గరిటెలోది తాగేశాడు. పెదవులు తుడుచుకున్నాడు.

తను చేయాల్సిన పనిని ఈ ముసలాయన చేశాడన్న సిగ్గు, తనను సిగ్గుపడేట్టు చేశాడన్న కోపం, రెండూ బాలశౌరికి ఒక్కసారే వచ్చాయి. "ఎందుకు చేశారీ పని? ఇన్నేళ్ళుగా నిలబెట్టుకున్నది ఒక గరిటెడు టమాటా గుజ్జు కోసం పోగొట్టుకుంటారా?"

"ఉపవాసం వచ్చే ఏడు మళ్ళీ చేసుకుంటాను. రేపు వచ్చేవాళ్ళు రేపే తినాలి."

"వచ్చే ఏటికి మీరు ఉంటారో లేదో."

"లేకపోతే పైన ఎలాగూ ఎవరూ అన్నం పెట్టరు, ఉపవాసమే," అన్నాడు ఫాదర్. అని, నాలుక చప్పరించి, "ఏదో తక్కువైంది. ఉప్పేనేమో," అని పిడికెడు ఉప్పు తీసి గంగాళంలో చల్లాడు. కలిపాడు. మళ్ళీ తాగి చూశాడు.

"ఊహూఁ. ఇంకాస్త పడాలి." ఇంకో పిడికెడు వేశాడు.

బాలశౌరి గంగాళం వైపు చూస్తున్నాడు. బుడగలు ఇంకా పలచగా, గబగబా పేలుతున్నాయి. చిక్కబడిన గుజ్జు అలా పేలదు, బరువుగా బుడుక్కుమంటుంది. నూనె ఇంకా పైకి తేలలేదు. ఆవిరిలో పచ్చి వాసన ముక్కుకు తగులుతోంది. తక్కువైంది ఉప్పు కాదు. ఆ సంగతి అతని ఒళ్ళంతా చెబుతోంది. నోరు మాత్రం గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

ఫాదర్ మళ్ళీ ఉప్పు జాడీలో చెయ్యి పెట్టాడు. ఈసారి నిండా తీశాడు. చెయ్యి గంగాళం మీదికి వచ్చింది.

బాలశౌరి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"వదులు," అన్నాడు ఫాదర్.

"వదలను. పాడైపోతుంది."

"పాడవుతుందని నీకెలా తెలుసు? నువ్వు రుచి చూడలేదు కదా."

ముసలి మణికట్టు అతని పిడికిట్లో పుల్లలా ఉంది. ఫాదర్ గుప్పిట్లోంచి ఉప్పు రవ్వలు పొయ్యి గట్టు మీద రాలుతున్నాయి. ఫాదర్ చెయ్యి లాక్కోలేదు. ఆజ్ఞాపించనూ లేదు. ఆజ్ఞాపిస్తే బాగుండునని బాలశౌరికి అనిపించింది. అప్పుడు తన మీద ఏమీ ఉండేది కాదు.

అతను రెండో చేత్తో ఫాదర్ దగ్గరున్న గరిటె లాక్కున్నాడు. గంగాళంలో ముంచాడు. ఊదుకోకుండానే నోట్లో పోసుకున్నాడు.

నాలుక కాలింది. ముందు పులుపు తగిలింది, దాని వెనక ఉప్పు, ఇంకా లోపల ఎక్కడో వెల్లుల్లి, సబ్జా ఆకు. వాటన్నిటికీ అడుగున తోటలో ఎండకు మగ్గిన పండు తీపి సన్నగా ఉంది. ఎన్నేళ్ళో అయింది. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మింగాడు. మళ్ళీ ముంచి, ఈసారి ఊదుకుని, నెమ్మదిగా నాలుక మీద తిప్పి చూశాడు.

"ఉప్పు వెయ్యనా?" అని అడిగాడు ఫాదర్.

"వేయొద్దు. ఇప్పటికే ఎక్కువ వేశారు." బాలశౌరి గొంతు ఇంకా పొగరుగానే ఉంది. "ఇది అసలు ఉడకనేలేదు. పొద్దువాలే దాకా సన్న సెగ మీద ఉండాలి. ఆ ఉప్పుకు సరిపడా ఇంకో బుట్టెడు పళ్ళు పడాలి. మీరు అక్కణ్ణించి లేవండి ఫాదర్, పొయ్యికి అడ్డంగా కూర్చున్నారు."

ఫాదర్ పిడికిట్లో ఉప్పు తిరిగి జాడీలో పోసి, కర్ర పట్టుకుని లేచాడు. మూలనున్న ఖాళీ బుట్ట తీసుకున్నాడు.

"ఏ చెట్టువి కోసుకు రమ్మంటావు?"

బాలశౌరి కట్టెలు వెనక్కి లాగి మంట తగ్గిస్తున్నాడు. తలెత్తి చూడలేదు.

"తియ్యగా ఉన్నవి తెండి," అన్నాడు. "ప్రతి చెట్టుదీ కొరికి చూసి మరీ కోయండి."

ఫాదర్ ఇన్నయ్య బుట్ట చంకనెత్తుకుని తోటలోకి నడిచాడు.