ముగ్గురు ఓబులేసులు, గుట్టెక్కే జీపు

ఎర్రమిట్టపల్లెలో ఓబులేసులు ముగ్గురు. పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు. ఒకే తల్లి బిడ్డలు. పేరు ఒకటే అయినా తెలివి మాత్రం మూడింతలని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. "ఊళ్ళోవాళ్ళకు ఒకటి చెబితే ఇంకొకటి చేస్తారు. మాకు చెప్పింది చెప్పినట్టే చేసే తెలివుంది" అని పెద్దోడు టీ అంగట్లో కూచుని అనేవాడు.

నిజమే. ఒకసారి వాళ్ళమ్మ "పాలు పొంగుతాయేమో చూస్తుండు నాయనా" అని నీళ్ళకు పోయింది. పెద్దోడు చూస్తూ కూచున్నాడు. పాలు పొంగినాయి. అదీ చూసినాడు. పొయ్యి ఆరిపోయింది. అదీ చూసినాడు. అమ్మ వచ్చి నెత్తి కొట్టుకుంటే, అదీ చూసినాడు.

వీళ్ళకు ఒక మేనత్త ఉంది, సుంకులమ్మ. ఉండేది గుట్ట మీద కొట్టాల్లో. ఆ గుట్టకు దారంటూ లేదు. ఏనుగులంత రాళ్ళు, రాళ్ళ మధ్య సందులు. ముసలామెకు చూపు మందగించింది. అడుగు యాడ పడుతుందో తెలీక ఏడేళ్ళుగా కిందికి దిగలేదు. ఎవరైనా ఎత్తుకుని దించుతామంటే "నేనేమన్నా శవాన్నా, మోసుకుపోతారా" అని కర్ర ఎత్తేది. ఆమెకున్న కోరిక ఒక్కటే. ఆదివారం సంతలో కూచుని, బాణలిలోంచి తీసింది తీసినట్టు వేడి జిలేబి తినాలి. కొండకు తెచ్చిపెడితే చల్లారి తోలులాగా సాగుతుంది. "ఈ ఉన్న చూపూ పోయేలోగా ఒక్కసారి నాయనా" అని కబురు పంపింది.

ఓబులేసులకు అత్తంటే ప్రాణం. తల్లి కూలికి పోతే ముగ్గురినీ పెంచింది ఆమే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

"జీపులో దించుకొస్తాం" అన్నారు. మేకల కొట్టంలో వాళ్ళ తాతనాటి జీపు ఉంది. దాన్ని రాళ్ళెక్కే జీపుగా మార్చాలి. నా దగ్గరికి వచ్చినారు. ఈ చుట్టుపక్కల జీపు విప్పి, మళ్ళీ ఒక్క బోల్టు మిగలకుండా బిగించేది నేనొక్కణ్ణే. తక్కిన మేస్త్రీలకు గుప్పెడు మిగులుతాయి. సలహా చెప్పినాను. బోల్టులు బిగించే నా ఇరవై రెండో నంబరు పాన కూడా ఇచ్చినాను. పాన అంత తొందరగా తిరిగి రాలేదు. ఆ సంగతి తర్వాత.

మొదట ఇట్లా చెప్పినాను. "జీపు పొట్ట రాళ్ళకు తగలకూడదు. రెండడుగులు పైకి లేపండి."

అంతే. నాలుగు పక్కలా రోళ్ళు బోర్లించి, జీపును ఎత్తి వాటి మీద కూచోబెట్టినారు. పెద్దోడు స్టార్టు చేసి గేరు వేసినాడు. చక్రాలు గాల్లో గిర్రున తిరిగినాయి. గంటసేపు తోలినాడు.

"ఎంత మెత్తగా పోతాంది. ఒక్క కుదుపు లేదు" అన్నాడు నడిపోడు.

"దారిలో ఎవరూ అడ్డం కూడా రాలేదు" అన్నాడు పెద్దోడు.

చిన్నోడు మాత్రం అటూ ఇటూ చూసి, "మన ఇల్లు కూడా మనతోనే వస్తాందేందన్నా" అని అడిగినాడు.

నేనే పోయి స్ప్రింగు పట్టీలు మార్చి, ట్రాక్టరు టైర్లు ఎక్కించినాను. "టైరు మెత్తగా ఉంటేనే రాయిని పట్టుకుంటుంది. గాలి సగం తీసెయ్యండి" అని చెప్పి వచ్చినాను. సగమంటే సగమే. ఉన్నవి నాలుగు టైర్లు. ఎడమపక్క రెండింట్లో మొత్తం తీసేసినారు. జీపు ఎడమకు ఒరిగింది. ఒరిగితే ఏం, చిన్నోణ్ణి కుడిపక్క వేలాడదీసినారు. చాల్లేదు. బర్రెదూడను కూడా కట్టినారు. మళ్ళీ నేనే పోయి విప్పినాను, ఇద్దరినీ.

"బోల్తా పడినా లోపలి మనిషికి దెబ్బ తగలకుండా ఇనుప పైపులతో బోను కట్టండి" అన్నాను. నడిపోడు లోపల కూచుని పైపులు పట్టుకుంటే, పెద్దోడు బయటినుంచి వెల్డింగు పెట్టినాడు. పిల్లి కూడా దూరకుండా కట్టినాడు. ఇంకేముంది, నడిపోడు లోపలే ఉండిపోయినాడు. తలుపు పెట్టమని నేను చెప్పలేదట. వాడి పెళ్ళాం ఈరమ్మ రెండు రోజులు రాగిసంగటి పైపుల సందుల్లోంచి చిన్న చిన్న ముద్దలుగా అందించింది. మూడోనాడు నన్ను పిలుచుకుపోయి, "మామా, ఈయన జీపులో సామానా కాదా? కాకపోతే కోసి బయటికియ్యి. గడ్డి కోసేవాళ్ళు లేరు" అంది. కోసి ఇచ్చినాను.

ఇంక తాడు మోటారు. దాన్ని జీపు మూతికి బిగిస్తారు. ఎక్కలేని చోట తాడు కొసను ముందున్న దేనికైనా కట్టి తిప్పితే, జీపు తనను తానే లాక్కుంటూ ఎక్కుతుంది. "కదలని దానికి కట్టి చూడండి" అన్నాను. ముగ్గురూ ఊరంతా వెతికినారు. చెట్టు చూస్తే ఊగుతోంది. రాయి చూస్తే, రెండేళ్ళ కింద వానకు కదిలిందని చిన్నోడు సాక్ష్యం చెప్పినాడు. చివరికి పెద్దోడి మామ పుల్లన్న దొరికినాడు. ఆయన పొద్దున నులకమంచం మీద కూచుంటే పొద్దుగూకేదాకా కదలడని కన్నకూతురే చెబుతుంది. ఇంకేముంది, మంచానికి కొక్కెం తగిలించి మోటారు తిప్పినారు. జీపు కదల్లేదు. పుల్లన్న మంచంతో సహా వీధి పొడుగునా వచ్చి, జీపు మూతి దగ్గర ఆగి, నోట్లో చుట్ట తీసి, "యాడికి పోతాండాం అల్లుడూ" అన్నాడు.

"కదలవన్నారే మామా" అన్నాడు పెద్దోడు, నొచ్చుకుని.

ఆఖరున ఒక మాట గట్టిగా చెప్పినాను. "గుట్ట మీద ఒకరు దిగి ముందు నడవాలి. ముఖం వెనక వచ్చేవాళ్ళ వైపు ఉండాలి. ఏది యాడ పెట్టాలో చేత్తో చూపాలి. వెనక వచ్చేవాళ్ళు తమ కళ్ళను నమ్మకూడదు, ఆ చేతినే నమ్మాలి. ముందు నడిచేది దారి తెలిసినవాళ్ళే. ఇది తప్పితే ప్రాణాల మీదికొస్తుంది."

ఆదివారం తెల్లారి బయలుదేరినారు. చిన్నోడు ముందు నడిచినాడు. పెద్దోడు చేతినే నమ్మి తోలినాడు. చిన్నోడు చెవి దగ్గర ఈగను తోలుకుంటే జీపు ముళ్ళపొదలో దూరింది. వీపు గోక్కుంటే వెనక్కి పోయింది. ఎట్లాగో ఎక్కినారు. ఎక్కింది నా స్ప్రింగు పట్టీల వల్ల. ఆ మాట వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు.

అత్త కొత్త కోక కట్టుకుని సిద్ధంగా ఉంది. జీపెక్కి కూచుంది. అప్పుడు తగువొచ్చింది, ముందెవరు నడవాలని.

"దారి తెలిసినవాళ్ళని గదా మేస్త్రి మామ చెప్పింది. నాకు తెలుసు" అన్నాడు పెద్దోడు.

"ఇప్పుడే గదా ఎక్కొచ్చినాం. నాకూ తెలుసు" అన్నాడు నడిపోడు.

"నేను రెండుసార్లు పడినా. నాకింకా బాగా తెలుసు" అన్నాడు చిన్నోడు.

అంతే. ముగ్గురూ దిగి, ముందుకు పోయి, ఇటు తిరిగి నిలబడి చేతులూపినారు. రా, రా అని. జీపు రాలేదు. తోలేవాడుంటే గదా. అత్తకు మసగ్గా మూడు చేతులు కనబడినాయి. పిలుస్తాండారనుకుని దిగింది. కర్ర పట్టుకుని నడిచింది.

"వస్తాంది" అన్నాడు పెద్దోడు. "ఎడమది ఆ నల్లరాయి మీద పెట్టు. మెల్లగా. ఇప్పుడు కుడిది కిందికి."

అత్త తన కళ్ళను నమ్మలేదు. వాటిని నమ్మడం మానేసి ఏడేళ్ళయింది. చేతులనే నమ్మింది. నల్లరాయి దాటింది, జారుడు రాయి దాటింది, సందుల్లో పక్కవాటుగా దూరింది.

"మేస్త్రి మామ చెప్పిన పద్ధతి భలే పనిచేస్తాంది. కిర్రుమన్న చప్పుడు కూడా లేదు" అన్నాడు నడిపోడు.

"వెల్డింగు ఎవరిది మరి" అన్నాడు పెద్దోడు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే, ఏడేళ్ళు దిగని మనిషి గుట్ట దిగింది.

అప్పుడు నేను సంతలోనే ఉన్నాను. ముగ్గురూ వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ వచ్చినారు. వాళ్ళకెదురుగా సుంకులమ్మ. జనం తప్పుకుని దారిచ్చినారు. జిలేబి అంగడి ముందు పీట వేసి కూచోబెట్టినారు. పాకంలోంచి తీసి ఆకులో పెడితే, ఆవిరి ముఖానికి తగిలి ఆమె నవ్వింది. పళ్ళు మూడే ఉన్నాయి. మూడూ కనబడినాయి.

నేను నోరు మూసుకోవలసింది. కానీ నా పాన ఆ జీపు సీటు కిందే ఉంది గదా.

"జీపేదిరా?" అన్నాను.

ముగ్గురూ వెనక్కి చూసినారు. పక్కకు చూసినారు. చిన్నోడు పీట కింద కూడా చూసినాడు.

"పైనే ఉంది" అన్నాడు నడిపోడు.

పెద్దోడి ముఖం మాడిపోయింది. "మనం అత్తను జీపులో దించుతామన్నాం. జీపు దిగలేదు. అంటే అత్త ఇంకా దిగలేదు."

"ఎదురుగా కూచోనుంది గదరా" అన్నాను.

"కూచుంది మామా. దిగలేదు."

సుంకులమ్మ నాలుగు తిడుతుందని ఆమె వైపు చూసినాను. జిలేబి నోటిదాకా ఎత్తింది. ఆగింది. ఆలోచించింది. ముగ్గురినీ పెంచింది ఆమే అని ముందే చెప్పినాను గదా.

"వాడన్నది నిజమే మేస్త్రీ" అని జిలేబి ఆకులో పెట్టేసింది. "నేనింకా రానే లేదు. రాకుండా ఎట్లా తినేది? నాయనా, బాణలి దించొద్దు. జీపులో వచ్చి తింటా."

లేచింది. ఎవరు చెప్పినా వినలేదు. ముగ్గురూ చేతులూపుతుంటే, వెనకే గుట్టెక్కింది. "నా పాన తెండిరా" అని మాత్రం అరిచినాను.

పొద్దు వాలే వేళకు సంత సగం ఖాళీ అయింది. అప్పుడు కనబడినారు. ముగ్గురూ వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ. వాళ్ళకెదురుగా సుంకులమ్మ, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో నా పాన.

"ఇదిగో మేస్త్రీ" అని పాన ఇచ్చి పీట మీద కూచుంది. "జీపులో కూచున్నా, వీళ్ళు రమ్మన్నారు, వచ్చేసినా. ఎంత మెత్తగా వచ్చింది నాయనా. ఒక్క కుదుపు లేదు."

జిలేబి వేడిగా ఉంది. ఇరవై రెండో నంబరు పాన నా చేతికి వచ్చింది. ఈసారి జీపేదని నేను అడగలేదు.