మంచును తట్టిన చెయ్యి

సదాశివగిరి స్వామిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకడం అరుదు, పని దొరకడం ఖాయం. హిమాలయాల్లో ఆయన ఆశ్రమం చేరిన కొద్దిరోజుల్లోనే భానుమూర్తికి ఆ సంగతి బాగా బోధపడింది. అయినా ఆ ఉదయం అడగకుండా ఉండలేకపోయాడు.

"మనసారా కోరుకున్నవాడికి దారి దొరకదా స్వామీ?"

భానుమూర్తి అన్న విశ్వపతి ఎప్పుడో ఇల్లు విడిచి సన్యసించి, ఎదుటి కొండ మీద కుటీరంలో ఉంటున్నాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచినవాడు. ఆయన జబ్బుపడ్డాడని తెలిసే భానుమూర్తి ఇంత దూరం వచ్చాడు. వచ్చేసరికి మధ్యనున్న వాలును మంచు కప్పేసింది. ఇక చేసేది లేక ఇక్కడే ఆగి స్వామికి శిష్యుడయ్యాడు. సాయంత్రాలు ఆ కుటీరంలో పొగ లేస్తే, అన్న బతికే ఉన్నాడని ఊపిరి పీల్చుకునేవాడు. నిన్న పొగ లేవలేదు. "ఒరేయ్ భానూ" అన్న పిలుపు ఒక్కసారి వింటే చాలునని అతని ప్రాణం కొట్టుకుంటోంది. ఆకాశం చూస్తే ఒక్క మబ్బు లేదు.

స్వామి పార అందించారు. వాలు దాటబోయేముందు మంచును తట్టి చూడటం అక్కడి ఆచారం. అంచున గొయ్యి తవ్వి, మంచును స్తంభంలా చెక్కి నిలబెట్టి, పైన అరచేత్తో తట్టాలి. మొదట మెల్లగా, తర్వాత చెయ్యెత్తి గట్టిగా. గడ్డకట్టిన పాత మంచుతో కొత్త మంచు కలవకపోతే పై పొర జారిపోతుంది. అలాంటప్పుడు అడుగు పెడితే వాలు మీది మంచు మొత్తం మనిషి మీదికి దిగుతుంది.

భానుమూర్తి తవ్వాడు, చెక్కాడు, తట్టాడు. పసిబిడ్డను జోకొట్టినట్టు తట్టాడు. "నిలిచింది స్వామీ! వెళ్ళొస్తాను" అంటూ కర్ర అందుకున్నాడు.

స్వామి వంగి, చెయ్యెత్తి స్తంభం మీద ఒక్కటి వేశారు. పై పొర పలకలా జారి భానుమూర్తి పాదాల మీద పడింది.

అతను దాన్ని చూస్తూ కూలబడ్డాడు. తాను ఎందుకంత మెల్లగా తట్టాడో అతనికి తెలుసు. సిగ్గూ దుఃఖమూ కలిసి ముంచుకొచ్చాయి. ఎదుటి కొండ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తోంది.

"పొగ లేవలేదు స్వామీ" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

స్వామి అతని పక్కనే మంచులో కూర్చుని చాలాసేపు ఆ కొండవైపే చూశారు.

"రేపు మళ్ళీ నువ్వే తట్టు నాయనా" అన్నారు లేస్తూ. "చేతికి మాత్రం మీ అన్నయ్య సంగతి చెప్పకు."