పేడపురుగుల వలస

అనగనగా, గడ్డికి కరువన్న మాట ఎవరూ ఎరుగని కాలంలో, నల్లకొండ కింద ఒక పచ్చిక బయలు ఉండేది. ఆ కాలమే వేరు! తొలకరి పడితే చాలు, గడ్డి లేచి ఆవుల పొదుగులకు తగిలేది.

అక్కడి మందలో బొల్లెద్దుదే పెత్తనం. ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగులు పూయించుకుని అది ఠీవిగా నడిచి వస్తోంది. సరిగ్గా అప్పుడే ఒక పేడపురుగు, పేడ ఉండను దొర్లించుకుంటూ దారికి అడ్డం వచ్చింది. చూసినవాళ్లంతా పకపకా నవ్వారు. ఆ పేడ మరెవరిదో కాదు, బొల్లెద్దుదే.

ఎద్దుకు తల కొట్టేసినట్టయింది. పేడపురుగులన్నీ కొండ అవతలికి పోవాలని హుకుం జారీ చేసింది. కర్రావు అనే ముసలి ఆవు వద్దని ఎంత చెప్పినా వినలేదు. పెద్దల మాట చద్దిమూట అని ఎద్దుకు ఎవరు చెప్పాలి? పురుగులు కొండ దాటి వెళ్లిపోయాయి.

మొదటి ఏడు పేడ ఎక్కడిదక్కడే ఎండి నేలను కప్పేసింది. రెండో ఏడు అందులో ఈగలు పుట్టి మందను కుట్టి పీడించాయి. మూడో ఏడు గడ్డి మొలవక బయలు బోడి అయింది. కర్రావు మనవరాలికి పుట్టిన దూడ, పాలు లేని పొదుగును కుమ్మి కుమ్మి కూలబడింది.

కర్రావు గుండె తరుక్కుపోయింది. బొల్లెద్దును పిలిచింది.

“నాయనా, నా చిన్నప్పుడు తొలకరి పడితే నేలంతా పేడపురుగులే. మన పేడను మట్టిలో దాచుకునేవి. అవి తినగా మిగిలింది గడ్డికి ఎరువయ్యేది. వాటి బొరియల్లో వాన ఇంకేది. మనం మేసిన గడ్డి వాటి చలవే.”

ఎద్దు కొండ దాటి వెళ్లింది. మొదట గదమాయించింది; పురుగులు కదల్లేదు. తర్వాత తెగ పొగిడింది, అవి వినలేదు. చివరికి తల దించింది.

“ఆ పేడ నాదే. నలుగురూ నవ్వితే సిగ్గేసి, ఆ కసి మీ మీద తీర్చుకున్నాను. మా దూడ చచ్చిపోయేలా ఉంది.”

“ఈ మాట ఆనాడే అనుంటే ఇంత దూరం నడిచే పని లేదు కదయ్యా” అని పెద్ద పురుగు ముందు నడిచింది.

వానలు పడేదాకా ఆవులన్నీ తమకున్న నాలుగు చుక్కలూ ఇచ్చి దూడను నిలబెట్టాయి. పురుగులు పేడనంతా మట్టిలో కలిపాయి. తొలకరికి అక్కడక్కడా పచ్చిక లేచింది. కర్రావు ఒక్క పరక కొరికింది. దానికి చిన్ననాటి బయలంతా గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఇంకా ఆకలిగానే ఉన్నా పక్కకు జరిగి, మిగతా గడ్డి మనవరాలికి వదిలేసింది. ఆ సాయంత్రం దూడ కడుపునిండా పాలు తాగింది.

కంటికి ఆనని ప్రాణిని కాదని తరిమినవాడు, తన బిడ్డల కూడు తానే తన్నేసుకుంటాడు.