చిటికెన వేలి సైజు బోల్టులు

భద్రయ్య ఇంట్లో తెలివిని ఎవరూ ఖర్చు పెట్టరు. "మా తాతల నాటి తెలివి. వాడితే అరిగిపోదూ?" అంటాడు భద్రయ్య. అందుకే ఆ ఇంట్లో అది ఇప్పటికీ కొత్తగానే ఉంది.

ఆ ఇంటికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరైనా ఒక మాట చెబితే మళ్ళీ అడగకూడదు. అడిగితే మనకు తెలియదని వాళ్ళకు తెలిసిపోతుందట! భద్రయ్య, ఆయన భార్య మంగాయమ్మ, కొడుకులు నూకరాజు, అబ్బులు, నలుగురూ ఈ కట్టుబాటును ప్రాణంలా చూసుకుంటారు.

సరిగ్గా తొలకరి జల్లు పడి నేల పదునెక్కిన వేళ వాళ్ళ ట్రాక్టరు మూలిగి ఆగిపోయింది. ఈ పదును తప్పితే ఏడాది తిండి తప్పినట్టే. మెకానిక్ మస్తాన్ మేస్త్రి వచ్చి ఇంజను ఊడదీశాడు. కప్పీ గొలుసుకు దాన్ని వేలాడదీసి, పక్కన చక్రాల ఇనుప స్టాండు నిలబెట్టాడు. స్టాండుకు ఒక పలక, పలకకు నాలుగు కన్నాలు.

"భద్రయ్యగారూ, నాకు పక్క ఊళ్ళో పనుంది. రేపు పొద్దున వస్తా. ఈలోగా ఇంజను కన్నాలకు సరిగ్గా పట్టే గట్టి బోల్టులు నాలుగు తెచ్చి, ఇంజనును ఈ పలకకు బిగించి ఉంచండి. బిగింపు అయ్యేదాకా ఎవరూ చేయి తియ్యొద్దు. అర్థమైందా?"

"ఓ!" అన్నారు నలుగురూ. ఎవరూ ఏమీ అడగలేదు.

మేస్త్రి అటు వెళ్ళగానే చర్చ మొదలైంది. "బోల్టు కన్నానికి పట్టాలంటే కన్నాన్ని కొట్టుకు తీసుకెళ్ళాలి" అన్నాడు నూకరాజు.

"కన్నం ఒక్కటే ఎలా వస్తుందిరా? కొలత పట్టుకెళ్ళండి" అన్నాడు భద్రయ్య.

నూకరాజు ఇంజను కన్నంలో చిటికెన వేలు పెట్టాడు. కొలిచి పోసినట్టు పట్టింది. (పిల్లలూ, కన్నంలో వేలు పెట్టేముందు తీసే దారి చూసుకోవాలి. నూకరాజు చూసుకోలేదు, అదృష్టం కొద్దీ వచ్చింది.)

"దారిలో కొలత జారిపోతే?" అంది మంగాయమ్మ. అంతే, పురికొస తెచ్చి వేలి మొదట్లో బిర్రుగా కట్టేసింది. నూకరాజు వేలు పైకెత్తుకుని, అబ్బులు దానికి కాపలాగా, బస్సెక్కారు. బజారుకు చేరేసరికి వేలు ఇంకేముంది, గుత్తివంకాయలా ఉబ్బింది.

"ఏ ఇంజను బాబూ? మోడల్ చెప్పండి, నేనే ఇస్తా" అన్నాడు కొట్టు శెట్టి.

"వేలు ఇక్కడుండగా మోడల్ ఎందుకండీ?" అన్నాడు నూకరాజు.

శెట్టి ఒక దణ్ణం పెట్టి, వంకాయంత బోల్టులు ముందు పోశాడు. గట్టివో కాదో తేల్చాలిగా! అబ్బులు ఒకటి నోట్లో పెట్టుకుని కటుక్కున కొరికాడు. పన్ను ఊడి గల్లాపెట్టె మీద పడింది.

"అన్నయ్యా, గట్టిదే!" అన్నాడు అబ్బులు సంతోషంగా. "మిగతా మూడూ నువ్వు చూడు."

ఇంటికొచ్చి చూస్తే ఒక్క బోల్టూ కన్నంలో దూరలేదు. భద్రయ్య ఇంజను చుట్టూ తిరిగి, కళ్ళు మూసుకుని, ఖర్చు పెట్టక తప్పదని కొంచెం తెలివి తీశాడు.

"బోల్టు తప్పు కాదురా. పొద్దుటి నుంచి ఇంజనుకు డీజిలు లేదు. చిక్కిపోయింది. మనిషి చిక్కితే చెవి కన్నం చిన్నదవదూ?"

"అయ్యో, పస్తు పెట్టామా!" అని మంగాయమ్మ కళ్ళొత్తుకుంది. అంతే, దుక్కికి దాచిన డీజిలు డబ్బా తెచ్చి ఇంజను మీద కుమ్మరించారు. నేల తాగింది, ఇంజను తాగలేదు. కన్నం అలాగే ఉంది.

"బోల్టులు వేలి కొలతకే కదా తెచ్చాం?" అన్నాడు అబ్బులు, పన్ను లేని సందులోంచి ఈల వేస్తూ. "వేళ్ళే ఉండగా బోల్టులెందుకు నాన్నా?"

భద్రయ్య కొడుకును కౌగిలించుకున్నాడు. ఇంకేముంది, కన్నాలు నాలుగు, మనుషులు నలుగురు! పలకను ఇంజనుకు ఆనించి తలా ఒక చిటికెన వేలు దూర్చారు. నూకరాజు మాత్రం వాపు లేని రెండో చేతి వేలు పెట్టాడు.

పొద్దున్నే మస్తాన్ మేస్త్రి వచ్చాడు. ఆకాశం నల్లగా కమ్ముకుంది. ఇంజను చుట్టూ నలుగురు కునుకుతూ కనిపించారు.

"ఇదేంటి? తియ్యండి వేళ్ళు!"

"బిగింపు అయ్యేదాకా తియ్యొద్దన్నది మీరేగా?" అన్నాడు భద్రయ్య.

"మరి బోల్టులేవి?"

"పోతాయని బీరువాలో పెట్టి తాళం వేశాం."

మేస్త్రి తల బాదుకుని, సబ్బు నురగ రాసి ఒక్కో వేలూ లాగాడు. తన సంచిలోంచి బోల్టులు తీసి తనే ఇంజనును స్టాండుకు బిగించాడు. గొలుసు విప్పి, మధ్యాహ్నానికల్లా మరమ్మతు పూర్తి చేశాడు.

"ఇంజను సిద్ధం భద్రయ్యగారూ. ఇక మీదే ఆలస్యం, దున్నుకోవడమే!" అని, టీ తాగొచ్చాక ఇంజనును ట్రాక్టరులోకి ఎక్కిద్దామని స్టాండు మీదే ఉంచి వీధి చివరికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి వాన దంచుతోంది. ట్రాక్టరు ఖాళీగా ఉంది. ఇంజనూ లేదు, స్టాండూ లేదు. మేస్త్రి చక్రాల జాడ పట్టుకుని పొలానికి పరుగెత్తాడు.

చేను నడుమ బురదలో స్టాండు, దాని మీద ఇంజను, దాని వెనక తాడుతో కట్టిన నాగలి. కొడుకులు ముందు నుంచి లాగుతున్నారు, మంగాయమ్మ వెనక నుంచి నెడుతోంది. ఇంజను పీకల దాకా దిగబడింది. బురద నీళ్ళు దాని నోట్లోకి గుడగుడమని పోతున్నాయి. చుట్టూ అందరి చేలూ దున్ని ఉన్నాయి. వీళ్ళ చేలో ఒక్క చాలు లేదు.

"అయిపోయింది! ఈ ఏడాది దుక్కి అయిపోయింది!" అని గట్టు మీద కూలబడ్డాడు మేస్త్రి.

"చక్రాలు కాస్త చిన్నవిచ్చారు మేస్త్రీ, అదొక్కటే లోపం" అన్నాడు భద్రయ్య మోకాటి లోతు బురదలోంచి. "కానీ చూడండి, ఇంత జరిగినా ఒక్క బోల్టు కదిలిందా? బోల్టులు ఎంచడమంటే మాటలా!"

అంటూ తన చిటికెన వేలు వానలో గర్వంగా పైకెత్తి చూపించాడు.